నీలం గళ్ళ చొక్కా

మార్టూరు దగ్గర మా ఊరి నుంచి,
మాఘమాసం, ఆదివారం.

అమ్మ పాదాలకు నీ పెద్దకూతురు ధనశ్రీ నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తమ్మా వేళకి తింటున్నాం, పనులు చేసుకుంటున్నాం, కాబట్టి క్షేమమనే రాయాలి. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా, చిన్నవాడూ బాగున్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. దాళ్వా నాట్లు అయిపోయాయని, అన్నయ్యకి కాస్త తెరిపి దొరికిందని రాశావు, సంతోషం. నీ దగ్గు తగ్గిందని మొదటి పేజీలో రాశావు. రెండో పేజీలో ఇంకో మందు సీసా తెప్పించానని రాశావు. అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు. దగ్గు పూర్తిగా పోయేదాకా ఆ పుల్లమజ్జిగ మానెయ్యి.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని వదిన నవ్వుతోందట. నవ్వనీ. ఫోనులో నీకు సరిగా వినపడదు. వినపడటం లేదని వదిన స్పీకరు పెడుతుంది. ఆ తరువాత నా సంసారం సంగతులన్నీ మీ వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళతాయి. ఇవాళ రాసేది అలా పదిమందీ వినేది కాదు. కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, నువ్వొక్కదానివే చదువుకో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మిరప రెండో కోత నడుస్తోంది, ఈ ఏడు కాయ ఎర్రగా, బరువుగా ఉంది. అత్తమ్మకి జ్వరం వచ్చి తగ్గింది. నోరు మాత్రం ఇంకా చేదుగా ఉందంటుంది, అయినా ఊరగాయ బద్ద పడితే రెండు ముద్దలు ఎక్కువే తింటోంది. మెళ్ళో పుస్తెలు అలాగే ఉన్నాయి. ప్రతి ఉత్తరంలోనూ అడగనక్కరలేదు, తీసిన రోజున ముందు నీకే తెలుస్తుంది. ఇక నీ ఆఖరి మాట. మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపిస్తే ఒక కొలిక్కి వస్తుందని శాస్త్రిగారు చెప్పారన్నావు. నువ్వింకా చిన్నదానివి, ఇక ఇంటికి వచ్చేయమన్నావు. అమ్మా, కోపం తెచ్చుకోకు. మా ఇంటికి ఒక బొమ్మతో ఇప్పటికే చాలా జరిగింది. ఇంకో బొమ్మ మాట ఎత్తే ముందు ఇది చదువు.

నీకు తెలిసిన కథే మళ్ళీ మొదటినుంచి రాస్తాను. ఎందుకంటే అందులో ఒక ముక్క తప్పని ఇప్పుడు తేలింది. ఆ ఒక్క ముక్క తీసేస్తే మిగతాదంతా కూలిపోతోంది.

నాలుగేళ్ళ కిందట, నల్లతామర పురుగు పడి మిరప తోటలు ఎండిపోయిన ఏడు, చిన్నవాడి అన్నప్రాసనకని నేను పొన్నూరు వచ్చాను. ఇక్కడ అత్తమ్మా, మీ అల్లుడూ ఇద్దరే ఉన్నారు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పికి మాత్ర వేసుకుని, కొడుక్కి అన్నం మూతపెట్టి, పెందలాడే పడుకుంది. తెల్లవారి డాబా ఎక్కింది. మంచు బాగా పట్టి ఉంది. మన మిరప చేను అవతల పత్తి చేను కదా, ఆ పత్తి మొక్కల మీదుగా కొడుకు నడిచి వెళ్ళడం చూసింది. నడుము పైభాగమే కనపడింది. నీలం గళ్ళ చొక్కా. గట్టు మలుపులో వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తాడు. తరువాత అంకమ్మరావు మామయ్య చేలోకి దిగాడు. ఆ తరువాత మీ అల్లుణ్ణి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

అంకమ్మరావు మామయ్య ఆయనకి పెదనాన్న వరస. అంతకు నెల ముందు కాలువ నీళ్ళ వంతు దగ్గర ఇద్దరూ గట్టు మీద చొక్కాలు పట్టుకున్నంత పని చేశారు. మామయ్య చేలోకి దిగినవాడు బయటికి రాలేదు. చేను వెనక కాలువ. ఇక ఊరికి వేరే కథ అక్కరలేకపోయింది. కాలువలో వలలు వేశారు, గజ ఈతగాళ్ళు దిగారు. ఏమీ దొరకలేదు. మామయ్యని స్టేషనుకి ఎన్నిసార్లు పిలిచారో లెక్క లేదు. పిలిచినప్పుడల్లా ఆయన "మనిషి రాలేదండీ" అన్న ఒక్క మాటే చెప్పాడు. మనం వేయించిన పోస్టర్లలో మీ అల్లుడి ఫోటో కింద "కోటేష్, నీలం గళ్ళ చొక్కా, నల్ల ప్యాంటు" అని ఉండేది, గుర్తుందిగా. ఆ చొక్కా గుడ్డ నువ్వే కొన్నావు. మీ వీధి టైలరే కుట్టాడు.

నేరం రుజువు కాలేదు, కేసు మూతపడలేదు. ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. మామయ్య టీ కొట్టుకి వస్తే బల్ల ఖాళీ అయ్యేది. ఆయన చేలోకి కోతకి మన ఊరి కూలీలు వెళ్ళేవారు కాదు. మొన్న కార్తీకంలో గుండె ఆగి పోయాడు. శవం మన వీధిలోంచే వెళ్ళింది. మోసేవాళ్ళు తక్కువై మధ్యమధ్య దింపుతూ తీసుకువెళ్ళారు. అత్తమ్మ వీధి తలుపు మూసింది. గడియ పెట్టింది నేను.

అత్తమ్మ రోజూ తెల్లవారగానే డాబా ఎక్కుతుందని నీకు చెప్పాను. పిట్టగోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేను వైపు తిరిగి, ఎండ వచ్చేదాకా కూర్చుంటుంది. నాలుగేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. వాడు చెయ్యి ఎత్తాడు కాబట్టి వస్తానని చెప్పినట్టేనని ఆమె లెక్క. నేను ఆ లెక్కని ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. ఆ ముసలిదానికి ఉన్నది అదొక్కటే.

పోయిన వారం జ్వరంతో లేవలేకపోయింది. మంచంలోంచే నన్ను పిలిచింది.

"ధనా, నువ్వన్నా ఎక్కి చూడవే."

"ఏం చూడాలత్తమ్మా, మంచు తప్ప ఏముంది?"

"ఏం లేకపోయినా చూడాలి. ఎవరూ చూడకపోతే ఎట్టా?"

నోట్లో బ్రష్షు పెట్టుకుని, కొంగు తలమీద కప్పుకుని ఎక్కాను. ఈ ఇంటికి వచ్చి ఇదొక ఉద్యోగం మిగిలిందని నాలో నేను గొణుక్కున్నాను కూడా. మంచులో మన మిరప చేను కనపడటం లేదు. అవతలి పత్తి మొక్కల తలలు మాత్రం తెలుస్తున్నాయి. హైవే మీద రాళ్ళ లారీల మోత వినపడుతోంది. అంతలో పత్తి మీదుగా ఆయన ఇటు వస్తూ కనపడ్డాడు.

అమ్మా, నేను దయ్యాలకి భయపడే మనిషిని కాదని నీకు తెలుసు. చిన్నప్పుడు నాయనమ్మ చచ్చిపోయిన గదిలో పడుకోమంటే పడుకున్నది నేనొక్కదాన్నే. అయినా ఆ పూట పిట్టగోడ పట్టుకున్నాను. నీలం గళ్ళ చొక్కా. నడుము పైభాగమే ఉంది, నడక కుదుపు లేదు, పడవ వచ్చినట్టు వస్తోంది. గట్టు మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఎత్తింది. అత్తమ్మ నాలుగేళ్ళుగా ఎలా చెప్పిందో అలాగే. అప్పుడు అటు వెళ్ళాడు, ఇప్పుడు ఇటు వస్తున్నాడు, అంతే తేడా. మెట్లు ఎలా దిగానో తెలియదు. చెప్పులు వేసుకోలేదు. మిరప కొమ్మలు విరుగుతున్నా అడ్డంగా పడి పరిగెత్తాను. నోట్లో బ్రష్షు ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

దగ్గరికి వెళితే పత్తి సాళ్ళలోంచి జోహరాబీ బయటికి వచ్చింది. కోత కూలీల ముఠా పెద్ద. మొక్కల చాటున, మంచులో ఆమె పైనుంచి కనపడలేదు. భుజాన నిలువుగా కర్ర. ఆ కర్ర మీద దిష్టిబొమ్మ.

"ఏందమ్మా అట్టా ఉరికొస్తన్నావు? పాముగానీ కరిచిందా?" అంది.

నీకు డెల్టాలో వరి తప్ప వేరే పైరు తెలియదు కాబట్టి ఈ బొమ్మల సంగతి కొంచెం చెప్పాలి. కోత అయిపోయిన మిరప చేలో దిష్టిబొమ్మ నిలబడకూడదంటారు ఇక్కడ. కాయ లేని చేలో ఉంటే అది ఇంటివైపు చూడటం మొదలుపెడుతుందట. అందుకని కోత మిగిలిన పక్క చేనువాళ్ళకి ఇచ్చేస్తారు. ఊరికే ఇవ్వరు. ఇచ్చేవాడు తన ఒంటిమీది చొక్కా అక్కడికక్కడ విప్పి దానికి తొడగాలి. ఉతికింది పనికిరాదు, చెమట తగిలిందే కావాలి. అప్పుడే దిష్టి దాన్ని మనిషనుకుని దాని మీద పడుతుందట. అలా వెళ్ళిన బొమ్మ ఎప్పటికైనా బయలుదేరిన చేలోకే తిరిగి రావాలి. ఈ మధ్య ఈ పద్ధతి చాలామంది మానేశారు, పాతవాళ్ళు మాత్రం పాటిస్తారు.

నేను ఆ బొమ్మ కాలరు తిప్పి చూశాను. మీ పొన్నూరు టైలరు చీటీ ఉంది. రెండో గుండీ నేను ఎర్రదారంతో కుట్టిందే. నీలం దారం అయిపోయి ఎర్రది వాడితే ఆయన "నాకు బొట్టు పెట్టావా" అని ఏడిపించాడు.

"ఇదెక్కడిది జోహరాబీ?"

"బసవమ్మక్క ఇచ్చిందమ్మా. వాళ్ళ కోత అయిపోయిందిగా. తీసుకున్న బొమ్మ తీసుకున్న చేలోకే పోవాలంట. మీ చేలో పాతి రమ్మంది."

"మా దగ్గర ఎప్పుడు తీసుకున్నారు?"

"పురుగు పడ్డ ఏడు. నేనేగా మోసుకుపోయింది, ఇదే దారి, ఇట్టాగే మంచు. మీ ఆయన ముందురోజు సాయంత్రమే చొక్కా విప్పి తొడిగి గట్టున నిలబెట్టాడు. పొద్దున్నే పెద్దనాన్న చేలో పాతు, తగువు తీరిందని చెప్పు అన్నాడు."

ఆ కర్ర పట్టుకుని ఇంకో మాట అడిగాను. "పొద్దున ఆయన్ని చూశావా?"

"లేదమ్మా, పొద్దున బొమ్మ ఒక్కటే ఉంది. ఆయన్ని చూసింది ముందురోజు సాయంత్రమే. బనీను మీదే రోడ్డు వైపు పోయాడు. చలి పెట్టట్లేదా అంటే నవ్వాడు. ఆ పూటే పనుల్లేక మా ముఠా వెళ్ళిపోయింది, మళ్ళీ ఈ ఏడే రావడం. ఏం, ఏమైంది?"

ఆమెకి ఏమీ తెలియదు. గట్టు మలుపులో ఎందుకు తిరిగావని అడిగాను. భుజం నొప్పి పుట్టి కర్ర ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నానంది. మార్చుకున్నప్పుడు బొమ్మ చెయ్యి పైకి లేచి ఉంటుంది. అప్పుడు కూడా అక్కడే మార్చుకుని ఉంటాను, ఇంత దూరం ఒకే భుజాన ఎవరు మోస్తారమ్మా అంది.

అమ్మా, అర్థమైందా? ఆ తెల్లవారి మీ అల్లుడు చేలో లేడు. ఆయన ముందురోజు సాయంత్రమే, దీపాలు పెట్టే వేళకి, బనీనుతో హైవే వైపు వెళ్ళాడు. రాత్రి ఇంటికి వచ్చాడని ఇంతకాలం మనం అనుకోవడమే తప్ప చూసినవాళ్ళు లేరు. అత్తమ్మ అన్నం గిన్నె మూత తీసి చూడలేదు. కొడుకు కళ్ళముందు నడిచి వెళుతుంటే రాత్రి తిన్నాడా లేదా అని ఎవరు చూస్తారు? పోలీసులు వచ్చేసరికి ఇరుగుపొరుగు గిన్నెలు కడిగేశారు. ఆయన ఫోను రాత్రే ఆగిపోయిందని టవరు చెప్పింది. చార్జింగు అయిపోయి ఉంటుంది, పొద్దున మనిషి కనపడ్డాడుగా అని ఆ సంగతి పక్కన పెట్టేశారు. హైవే పక్కన రాయి పాలిష్ ఫ్యాక్టరీలన్నిటికీ కెమెరాలు ఉన్నాయి. తెల్లవారిన తరువాతవే అడిగి చూశారు. ఆ రాత్రివి ఎవరూ అడగలేదు. ఇప్పుడు అవి ఎక్కడా లేవు.

బొమ్మని జోహరాబీ చేతే మన దొడ్లో పెట్టించి, గోనె కప్పి, బసవమ్మత్త ఇంటికి వెళ్ళాను. అంకమ్మరావు మామయ్య భార్య. నాలుగేళ్ళుగా ఎదురుపడితే తల తిప్పుకున్న మనిషి. అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చావా. బొమ్మని పంపితేగానీ దారి తెలియలేదు" అంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తా?"

"ఏం చెప్పమంటావు? పొద్దున బొమ్మ వచ్చింది, పాతాడు. సాయంత్రానికి పోలీసులొచ్చి నీలం గళ్ళ చొక్కా అన్నారు. మీ మామ పోయి చూసుకుంటే ఆ చొక్కా ఆయన చేలోనే ఉంది. చూపిస్తే చొక్కా నీ దగ్గరుంది, మనిషేడీ అంటారు. చూపించకపోతే మనిషేడీ అంటారు. ఎటుబడీ చచ్చేది ఆయనేగా. పీకి యూరియా సంచిలో పెట్టి మోటారు షెడ్డు అటక మీద దాచాడు."

"పారేసి ఉండాల్సింది."

"నేనూ అదే అన్నా. కోటేష్ తగువు తీర్చుకుని ఒంటిమీద గుడ్డ పంపాడే, దాన్నెట్టా పారేస్తానే అన్నాడు. పోయే ముందు కూడా అదే మాట. బొమ్మ వాళ్ళది, వాళ్ళ చేలోకి చేర్చు అన్నాడు. చేర్చా. ఇక మీ ఇష్టం."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. తొడాలు తీస్తూనే ఉంది, ఆ ఘాటుకి నేను తుమ్ముతూ ఏడుస్తూ కూర్చున్నాను. వచ్చేటప్పుడు మాత్రం మంచినీళ్ళు ఇచ్చింది.

ఆ రోజు నుంచి నాకు తిండి సయించలేదు. స్టేషనుకి వెళ్ళి చెబితే చనిపోయిన మనిషి మీద పడ్డ మచ్చ పోతుంది. కానీ చెప్పాలంటే ముందు అత్తమ్మకి చెప్పాలి. కొడుకు వెనక్కి తిరిగి చెయ్యెత్తిన ఆ ఒక్క క్షణాన్ని ఆమె దగ్గర్నుంచి లాక్కోవాలి. ఆమె దాని మీదే బతుకుతోందమ్మా. ముసలిదాని నోటి దగ్గరి ముద్ద లాగినా ఇంత పాపం ఉండదు. చెప్పకుండా ఉండిపోదామని కూడా అనుకున్నాను. కానీ దొడ్లోకి వెళ్ళినప్పుడల్లా గోనె కింద ఆ కుండ తల ఒక పక్కకి తిరిగి కనపడేది. నేను సరిచేసి వచ్చేదాన్ని. మళ్ళీ వెళ్ళేసరికి ఇంటివైపు తిరిగి ఉండేది. గాలికి అయి ఉంటుంది. గాలికే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

జ్వరం తగ్గి అత్తమ్మ మళ్ళీ డాబా ఎక్కుతానన్న రోజున ఇక ఆగలేకపోయాను. కూర్చోబెట్టి అంతా చెప్పాను. చొక్కా తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఆమె కాలరు తడిమింది, ఎర్రదారం గుండీ తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. యూరియా కంపు తప్ప ఏముంటుంది అందులో?

"వాడు చెయ్యెత్తాడే" అంది.

"జోహరాబీ భుజం మార్చుకుందత్తమ్మా."

ఆ పూట అన్నం తినలేదు. మరునాడు తలకి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, "ఎస్సైని పిలిపించు. బసవమ్మని కూడా రమ్మను" అంది.

ఎస్సై కొత్తగా వచ్చినవాడు, చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. మన వరండాలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వీధిలో జనం పోగయ్యారు.

"అమ్మా, అప్పుడు కొడుకునే చూశానని చెప్పారు. ఇప్పుడు బొమ్మంటున్నారు. ఏది రాసుకోమంటారు?" అన్నాడు.

"బొమ్మనే రాసుకోయ్యా. నేను చూసింది చొక్కాని. అందులో మనిషున్నాడని నేననుకున్నా" అంది అత్తమ్మ.

జనం అందరికీ వినపడేలా చెప్పింది. తరువాత స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డ బసవమ్మత్త వైపు తిరిగి, "నీ మొగుడి శవం పోతుంటే తలుపేసుకున్నా బసవక్కా" అంది. బసవమ్మత్త పైటతో మొహం తుడుచుకుని, "ఆయన మాత్రం మీ చొక్కా పారెయ్యలేదు చెల్లీ" అంది. ఆ సాయంత్రం అత్తమ్మ ఆమె ఇంటికి వెళ్ళి, చీకటి పడేదాకా కూర్చుని మిరపకాయల తొడాలు తీసి వచ్చింది.

ఎస్సై చొక్కాని ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. ల్యాబుకి పంపాలంటే పై నుంచి కాగితం రావాలని, కవర్లో పెట్టి భద్రంగా ఉంచమని, రెండు రోజుల్లో కానిస్టేబుల్ని పంపుతానని చెప్పి వెళ్ళాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. నువ్వు కూడా హమ్మయ్య అనుకుని, ఇక బట్టలు సర్దుకో అని రాస్తావు. కానీ నీకు అబద్ధాలు అతకవని వెక్కిరించి, నేను దాచిపెడితే ఏం బాగుంటుంది?

మరునాడు తెల్లవారి చూస్తే అత్తమ్మ మంచంలో లేదు. డాబా ఎక్కాను. కుర్చీలో కూర్చుని ఉంది. నాకు విసుగూ దుఃఖమూ కలిసి వచ్చాయి. ఇంకా ఎందుకత్తమ్మా అనబోయి ఆగిపోయాను. కుర్చీ చేను వైపు లేదు. రెండో పిట్టగోడ దగ్గరికి జరిపి, హైవే వైపు తిప్పుకుంది.

"నాలుగేళ్ళూ వేరే దిక్కు చూశానే. వాడు ఇటు పోతే నేను అటు చూస్తన్నా. వచ్చి ఎన్నిసార్లు నిలబడి పోయాడో ఏమో" అంది.

నేను పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఏదో వంట సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "బనీనుతో పోయినవాడు ఎక్కడికి పోతాడే చలిలో. చొక్కా కోసమైనా ఇంటికి రావాలిగా."

కిందికి దిగి ఆ చొక్కాని కవర్లోంచి తీసి, వీధి వరండాలో ఆయన ఎప్పుడూ తగిలించే మేకుకి తగిలించింది. పోలీసులు కవర్లో ఉంచమన్నారత్తమ్మా అన్నాను. కవర్లో ఉంటే వాడికెట్టా కనపడిద్ది అంది. వరండాకి గ్రిల్లూ, వీధి తలుపూ ఉన్నాయి కదా, ఎక్కడికి పోతుందిలే అని నేనూ ఊరుకున్నాను.

ఆ రాత్రి పడుకునే ముందు వీధి తలుపు గడియ వేయడానికి వెళ్ళాను. అమ్మా, ఇదే నేను నీకు చెప్పాలనుకున్నది. గడియ మీద చెయ్యి వేశాను, వేయలేకపోయాను. అంకమ్మరావు మామయ్య శవం వెళుతుంటే పెట్టిన గడియ అది. అత్తమ్మ మాట చెవిలో తిరుగుతోంది. చలిలో బనీనుతో వచ్చిన మనిషి తలుపు తోసి చూసి, గడియ ఉంటే వెనక్కి వెళ్ళిపోతాడనిపించింది. చదువుకున్నదాన్ని, డిగ్రీ ఉన్నదాన్ని, నాకే అనిపించింది. గడియ తీసి, తలుపు దగ్గరగా వేసి వచ్చి పడుకున్నాను. అత్తమ్మకి చెప్పలేదు.

తెల్లవారి చూస్తే మేకుకి చొక్కా లేదు.

కింద పడలేదు. వీధిలో లేదు. దొడ్లో బొమ్మ గోనె కింద ఖాళీ కర్రలతో అలాగే ఉంది. కిటికీలో నా ఫోను ఉంది, బల్ల మీద అత్తమ్మ వెండి గ్లాసు ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. చొక్కా తీసిన కవరు మాత్రం చక్కగా మడతపెట్టి మేకు కింద పెట్టి ఉంది. రాత్రి అది బల్ల మీద నలిగి పడి ఉండటం నేను చూశాను. తలుపు నేను వేసినట్టే దగ్గరగా వేసి ఉంది. అత్తమ్మని అడిగితే నేను తీయలేదే అంది. ఆమె మొహం చూస్తే అబద్ధం కాదనిపించింది. తరువాత ఏమీ ఎరగనట్టు బియ్యం కడగడానికి వెళ్ళింది. ముగ్గురికి సరిపడా కడిగింది.

నిన్న కానిస్టేబుల్ వచ్చాడు. పోయిందని చెప్పాను. "దిష్టిబొమ్మ చొక్కా ఎవరెత్తుకుపోతారమ్మా" అని నవ్వి, ఆ మాటే రాసుకుని వెళ్ళాడు. దొంగే అయి ఉండొచ్చు. పిచ్చివాడెవరో చలికి తీసుకుని ఉండొచ్చు. అలా అనుకుంటేనే మంచిదని నాకు తెలుసు. చలికి తీసుకున్నవాడికి కవరు మడతపెట్టే ఓపిక ఎక్కడిదని మాత్రం అడగకు. నాకు భయంగా ఉందమ్మా. వచ్చి ఉంటాడనీ భయమే, వచ్చి ఉండడనీ భయమే.

కాబట్టి శాస్త్రిగారికి దర్భలు కోయవద్దని చెప్పు. ఇంటికి ఎప్పుడొస్తావని అడిగావు. వీధి తలుపు గడియ మళ్ళీ నా చేత్తో వేయగలిగిన రోజున బయలుదేరి వస్తాను. అప్పటిదాకా ఆ మాట అడగవద్దు.

పెళ్ళయిన కొత్తలో నువ్వు అల్లుడికని అల్లిన ఆకుపచ్చ స్వెటరు గుర్తుందా? చేతులు పొడవైపోయాయని ఒక్కసారే వేసుకున్నాడు. ఇవాళ పెట్టె అడుగునుంచి తీసి ఎండలో వేశాను. బాగానే ఉంది, పురుగు పట్టలేదు. చలి ఇంకా తగ్గలేదు కదా, ఈ రాత్రికి మేకుకి అది తగిలిస్తున్నాను.

మజ్జిగ సంగతి మరిచిపోకు. చిన్నవాడికి ముద్దులు.

ఇట్లు,
తలుపు దగ్గరగా వేసి పడుకునే నీ పెద్దకూతురు,
ధన